గేటు నుంచి మెట్టు దాకా

ఆళ్ళగడ్డ,
12 ఫిబ్రవరి 2024, సోమవారం.

హేమలత తాతగారికి,

ఈ రోజే ఎందుకు రాస్తున్నానంటే, రంజాన్ నెల ఇంకో నెలలో మొదలవుతుంది. ఆ లోపల మన ఇంటి ముందున్న లాన్ తీసేయాలి.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటారు. ఫోన్లో మీరు అరుస్తారు. నాకు వినబడదు, ఇక్కడ అక్క ఇంటి పక్కవాళ్ళకు వినబడుతుంది. వాట్సాప్‌లో రాస్తే బొటనవేలు బొమ్మ పంపి ఊరుకుంటారు. ఆ వేలుకు అర్థం ‘సరే’నో ‘చూద్దాంలే’నో యాభై ఏళ్ళు కాపురం చేసిన నాకే తెలియదు. కాగితం మీద అడిగితే కాగితం మీదే జవాబు చెప్పాలి. అందుకని ఉత్తరం.

పోయిన వారం బట్టల కోసం ఇంటికి వచ్చి రెండు రోజులున్నాను కదా. అప్పుడు చూసింది రాస్తాను. నిరుడు ఈ రోజులకు గంటన్నర పోసిన బోరు ఇప్పుడు అరగంట కూడా పోయడం లేదు. ఆ అరగంటలో సగం మీరు తెల్లవారకముందే లేచి గొట్టం పట్టుకుని గడ్డికి పోస్తున్నారు. మిగిలింది మన ట్యాంకుకు. గోడ అవతలికి, సుభాన్ ఇంటికి పోయే పైపుకు ఏం మిగులుతోంది? మున్నీ నాతో ఒక్క మాట అనలేదు. కానీ వాళ్ళ కొళాయి కింద ఖాళీ బిందెలు వరసగా ఉన్నాయి. నేను చూస్తున్నానని తెలిసి వాళ్ళ కూతురు తబస్సుమ్ వాటి మీద తువ్వాలు కప్పింది. ఆ పిల్లకు పద్నాలుగేళ్ళు. మనల్ని చూసి ఆ పిల్ల సిగ్గుపడడం నాకు నచ్చలేదు.

మీకు గుర్తుండే ఉంటుంది. బోరు లారీ మన గేటులో పట్టకపోతే సుభాన్ తన ప్రహరీ గోడ పడగొట్టి దారి ఇచ్చాడు. నీళ్ళు పడితే పైపు ఇస్తామని ఆ రోజు మనమే మాటిచ్చాం. అతను అడగలేదు. రంజాన్ నెలలో వాళ్ళు చీకటితో లేచి సహరీ వండుకుని తినాలి, నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్ళు కడుక్కుని వజూ చేసుకోవాలి. సరిగ్గా అదే వేళకు మీరు గడ్డికి నీళ్ళు పెడతారు.

నూట ఇరవై గజాల లాన్‌కు మీరు పోసేది రోజుకు నలభై బకెట్లు. గొట్టం కింద బకెట్టు పెట్టి, గడియారం చూసి లెక్కగట్టాను. సుభాన్ ఇంట్లో ఐదుగురు. వాళ్ళకు రోజంతా కలిపి అంత అవసరం లేదు.

గడ్డి తీసిన చోట కడప బండలు పరిపించండి. మధ్యలో తంగేడు, బిళ్ళగన్నేరు, కలబంద. గోడ వెంట కాగితం పూలు. మొదళ్ళలో మందంగా వేరుశనగ పొట్టు కప్పితే తడి ఆరదు. ఆ మొక్కలు వేళ్ళు పట్టినాక వారానికోసారి పోసినా బతుకుతాయి.

మోటారు గాలి పీకే చప్పుడు నాకు వినబడదు కనుక అడుగుతున్నాను: విన్న వెంటనే స్విచ్ ఆపుతున్నారా? మోటారు కాలిందంటే రెండిళ్ళూ ఎండుతాయి.

అక్క వాకరు పట్టుకుని హాల్లోంచి వంటింటి దాకా వస్తోంది. విరిగింది తుంటి ఎముక కనుక ఇంకా మూడు నెలలన్నారు. అందాకా నేను ఇక్కడే. వెనక వీధిలో శిల్పులు పొద్దున్నే పని మొదలుపెడతారు. ఉలి దెబ్బలు నా చెవికి తెలియవు కానీ, గోడకు ఆనుకుంటే వీపుకు తెలుస్తాయి.

మాత్రలు వేసుకోండి.

ప్రమీల


నంద్యాల,
17 ఫిబ్రవరి.

ప్రమీలా,

నీ ఉత్తరం చేరింది. ఇరిగేషన్‌లో ముప్పై మూడేండ్లు చేసినోడిని, నీళ్ళ విషయంలో మెమోలు నాకు కొత్త కాదు. ఇంత పొడుగు మెమో మాత్రం ఎప్పుడూ చూడలా.

మోటారు గాలి పీకిన వెంటనే ఆపుతాండా. అది అడగాల్నా?

లాన్ సంగతి. నువ్వు చెప్పింది కాదనను. కానీ వీధిలో ఎవరింటికి దారి చెప్పాలన్నా ‘గడ్డి ఇంటి పక్కన’ అంటారు. హేమలత మొదటి అడుగు ఆ గడ్డి మీదే వేసింది. పడినా దెబ్బ తగల్లేదని నువ్వే అన్నావు. ఇప్పుడా పిల్ల కర్నూలులో ఎమ్మెస్సీ చదువుతా, నీళ్ళు దండగ జేజినాయనా అని నాకు పాఠం చెప్తాది. ఇద్దరూ కలిసి ముందే మాట్లాడుకున్నారేమో.

ఇంకోటి. డాక్టరు నన్ను రోజూ పొద్దున నడవమన్నాడు గదా. గడ్డి మీద వట్టికాళ్ళతో నడిస్తే సుగరుకు మంచిదని అందరూ అంటారు. నాకు అలవాటైపోయింది.

నవ్వుకునే మాట ఒకటి చెప్తా. మొన్న సుభాన్ పరుపుల అంగట్లో కాసేపు కూర్చుని ఇంటికొచ్చినా. వెనకాలే మున్నీ పరిగెత్తుకుంటా వచ్చింది, చేతిలో నా చెప్పు. “ఏంది తాతా, ఒంటి చెప్పుతో ఊరేగుతాండావు? రెండోది కట్నం కింద మాకిచ్చినావా?” అని. చూసుకుంటే నిజమే. ఒక కాలికే చెప్పు ఉంది. వీధి మొత్తం అట్లనే నడిచొచ్చినా. సుభాన్ ఇంకా నవ్వుతానే ఉన్నాడు.

కాబట్టి నేను చెప్పేది ఏందంటే, లాన్ అంతా పీకిస్తా. గేటు నుంచి మెట్టు దాకా ఒక్క మనిషి నడిచేంత, రెండడుగుల వెడల్పు గడ్డి మాత్రం వదులు. దానికి బోరు నీళ్ళు చుక్క పెట్టను. నా స్నానం నీళ్ళు మళ్ళిస్తా. కాలవలు మళ్ళించినోడికి ఇదొక లెక్కా?

అక్కను అడిగినానని చెప్పు.

లక్ష్మీనారాయణ


ఆళ్ళగడ్డ,
21 ఫిబ్రవరి.

విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టర్ గారికి,

రెండడుగుల గడ్డి కూడా గడ్డే.

మీ స్నానం నీళ్ళలో సబ్బు ఉంటుంది. మన కొరియన్ గడ్డి సబ్బు నీళ్ళకు పది రోజుల్లో పసుపు తిరుగుతుంది. పసుపు తిరిగితే మీరు చూస్తూ ఊరుకోరు. ఒక్క పూటేగా అని గొట్టం పెడతారు. ఆ ఒక్క పూట ప్రతి పూటా అవుతుంది. బడిలో పిల్లలతో ముప్పై ఏళ్ళు వేగినదాన్ని, ‘ఒక్కసారికి’ అన్న మాట ఎంత దూరం పోతుందో నాకు తెలుసు.

డాక్టరు నడవమన్నాడు. గడ్డి మీద అనలేదు. ఆ రోజు నేనూ పక్కనే కూర్చున్నాను. నాకు వినబడదని చీటీ మీద రాసి చూపించాడు. ‘రోజూ నలభై నిమిషాలు’ అని మాత్రమే ఉంది. బండల మీదా నడవొచ్చు, రోడ్డు మీదా నడవొచ్చు.

హేమలత మొదటి అడుగు మీద అంత ప్రేమ ఉంటే ఫోటో ఉంది, చూసుకోండి. ఆ పిల్లతో నేను ముందుగా ఏమీ మాట్లాడలేదు. చదువుకున్నవాళ్ళకు ఒకే లెక్కకు ఒకే జవాబు వస్తుంది.

చెప్పు సంగతి చదివి అక్క నవ్వింది. నేను నవ్వలేదు. మీకు ధ్యాస తగ్గుతోంది. పేపరు చదువుతూ నడవడం మానండి.

బండలు మార్చి మొదటి వారంలోపు పడాలి. గడ్డి ఎక్కడా వదలకూడదు. గేటు నుంచి మెట్టు దాకా కూడా.

ప్రమీల


నంద్యాల,
4 మార్చి.

హెడ్‌మిస్ట్రెస్ గారికి,

ఆజ్ఞ నెరవేరినది.

గురువారం మనుషులొచ్చినారు. దొర్నిపాడు కాడ ఎవరో ఫంక్షన్ హాలు కడతాండారంట, గడ్డి వాళ్ళు తీసుకున్నారు. పలుగు పెట్టి పీకేస్తారేమో అనుకున్నా. కాదు. పదునైన పారతో కింద కోసి, చాపలు చుట్టినట్టు చుట్టినారు. యాభై దాకా చుట్టలు. ఒక్కో చుట్టను ఇద్దరు మోసినారు. లోపల అంతా తెల్లటి వేళ్ళు, దువ్వెన పెట్టి దువ్వినట్టు. అన్నేండ్లు పైన చూసినా గానీ కింద ఎట్లుంటాదో నేను ఎప్పుడూ చూడలా.

ఆ పొద్దున వాళ్ళు రాకముందు నేను కాస్త ఎక్కువసేపే నడిచినా. దానికి నీ అనుమతి అడగలా.

బండలు పరిచినారు. నల్లవి, నున్నగా ఉండాయి. తంగేడు ఆరు మొక్కలు, బిళ్ళగన్నేరు తెలుపు, వంకాయరంగు రెండూ. కలబంద మున్నీ వాళ్ళ పుట్టింటి నుంచి తెచ్చింది. పొట్టు నూనె మిల్లులో ఇచ్చినారు.

సుభాన్ ఇంటి కొళాయి ఇప్పుడు పొద్దున పోస్తాంది. మున్నీ గోడ మీద నుంచి తల పెట్టి, “తాతా, నీ గడ్డి పోయి మాకు నీళ్ళొచ్చినాయి, ఏడవాల్నో నవ్వాల్నో తెలీలా” అనింది. “నవ్వమ్మా, ఏడిస్తే నీళ్ళు దండగ” అన్నా.

సుభాన్ మాత్రం గేటు కాడ నిలబడి చానాసేపు బండలు చూసినాడు. “బాగుండాయి తాతా. పీర్ల చావిడి ముందర మాదిరి ఉంది” అన్నాడు. మెచ్చుకున్నాడో ఏమో నాకు తెలీలా.

ఇల్లు వేడిగా ఉంది. అది గడ్డి లేక కాదు, మార్చి వచ్చింది కాబట్టే అని నువ్వంటావు. ముందే రాసేస్తాండా.

లక్ష్మీనారాయణ


ఆళ్ళగడ్డ,
18 మార్చి.

హేమలత తాతగారికి,

పని బాగా చేయించారు. పీకిన గడ్డి చెత్తలో వేయకుండా ఒకరికి ఇచ్చినందుకు కూడా సంతోషం.

రంజాన్ మొదలై వారమైంది. సహరీ వేళకు గోడవతల నీళ్ళు పడుతున్నాయా లేదా? ఒక్క మాటలో రాయండి. మున్నీ మొహమాటపడుతుంది, మీరు కొళాయి తిప్పి చూడండి.

కొత్త మొక్కలకు మొదటి మూడు వారాలు రెండు రోజులకోసారి పోయాలి. ఆ తరువాత వారానికోసారి. కలబందకు అదీ అక్కర్లేదు. మీ చేతులు ఊరుకోవని తెలుసు. పొద్దున గొట్టం పట్టుకోవాలనిపిస్తే, గొట్టం చుట్టి మేడ మీద గదిలో పెట్టి తాళం వేయండి. తాళం చెవి తబస్సుమ్‌కు ఇవ్వండి.

ఇక్కడ ఎండ ముదిరింది. శిల్పులు పదకొండున్నరకే పని ఆపి, బండల మీద తడిపిన గోనెపట్టాలు కప్పుతున్నారు. లేకపోతే సాయంత్రం దాకా చెయ్యి ఆనించలేరట. నిన్న మధ్యాహ్నం మా అక్క పెరట్లో పరిచిన కడప బండల మీదికి, చెప్పుల్లేకుండా, అప్పడాలు తీయడానికి పోయాను. రెండడుగులు వేసి వెనక్కి గెంతాను. అక్క వాకరు వదిలేసి నవ్వింది. పడుతుందేమోనని నేను కేకలు. ఈ వయసులో ఇద్దరం బాగానే ఆడుకున్నాం.

మామిడికాయలు ఇంకా పిందెలే. ఆవకాయ మాట నేను వచ్చాక చూద్దాం. మీరు సొంతంగా కొని తెచ్చుకోకండి, ఉప్పు ఎక్కువ.

ప్రమీల


నంద్యాల,
2 ఏప్రిల్.

ప్రమీలా,

సహరీ వేళకు నీళ్ళు పడతాండాయి. నేనే పోయి తిప్పి చూసినా. మున్నీ, “తాతా, మా ఇంటి కొళాయి నువ్వు పరీక్ష చేస్తే టీచరమ్మ మార్కులు వేస్తాదా?” అనింది. బోరు ఇప్పుడు రెండిండ్లకు సరిపోతాంది. ఈ ఒక్కటీ నీ లెక్క ప్రకారం జరిగింది.

కలబంద మాత్రం చెడిపోయింది. నాలుగు మొక్కలు మొదట్లో కుళ్ళి వాలిపోయినాయి. అడుగుతావు కాబట్టి చెప్తాండా: నేనే పోసినా. గొట్టం గది తాళంచెవి తబస్సుమ్ కాడనే ఉంది. చెంబుతో పోసినా. పొద్దున లేస్తే ఏం చేయాలో తెలీదు. కాలవ కింద రైతులకు వారాబందీ వేసినట్టు సోమవారం తంగేడుకు, మంగళవారం గన్నేరుకు, బుధవారం కలబందకు అని వంతులు పెట్టుకున్నా. సుభాన్ చూసి, “వద్దన్నా పోస్తాండావే, ఆ కలబంద ఎన్ని ఎకరాల ఆసామి తాతా?” అని ఎకసెక్కాలాడినాడు. వంతు ఆపేసినా.

తంగేడు చిగురేసింది. ఒక మొక్కకు రెండు పూలు కూడా. బిళ్ళగన్నేరుకు ఎండ లెక్కే లేదు. నువ్వు చెప్పినావు, అట్లే ఉంది.

బండలు కాలుతాయి జాగ్రత్త అని హేమలత ఫోన్లో భయపెడతాది. నువ్వు పట్టించుకోవాకు. మొన్న ఒంటిగంటకు గాలికి పొట్టంతా చెదిరిపోతే, ఆడ వట్టికాళ్ళతోనే నిలబడి అరగంట సర్దినా. ఏమీ కాలేదు. బండలు చల్లగానే ఉండాయి. నువ్వు రోడ్డు మీద నడవమంటివి గానీ నాకు ఈ బండలే బాగున్నాయి. గడ్డి పోతే ఏదో అయిపోతాది అనుకున్నా. ఏమీ కాలా.

అక్కకు నా నమస్కారం.

లక్ష్మీనారాయణ


ఆళ్ళగడ్డ,
6 ఏప్రిల్, శనివారం. తొలి బస్సుకు, శ్యాంసుందర్ చేత.

మున్నీకి,

ఈ ఉత్తరం తెచ్చిన శ్యాంసుందర్ మా అక్క కొడుకు. చదివిన వెంటనే చేతిలో ఏ పని ఉన్నా వదిలి తాత దగ్గరికి వెళ్ళు. ఆయన రెండు అరికాళ్ళూ వెలుతురులో చూడు. అడిగితే చూపించరు. మాట మార్చుతారు. మాట వినకుండా కాలు పట్టుకుని తిప్పి చూడు. నేను చెప్పానని చెప్పు.

ఆయన మంగళవారం రాసిన ఉత్తరం నిన్న అందింది. మధ్యాహ్నం ఒంటిగంటకు వట్టికాళ్ళతో ఆ నల్ల బండల మీద అరగంట నిలబడ్డారట. చల్లగా ఉన్నాయట. ఇక్కడ అదే బండ మీద నేను రెండడుగులు వేయలేకపోయాను. ఫిబ్రవరిలో ఒక చెప్పు మీ అంగట్లోనే జారిపోయినా ఇల్లు చేరేదాకా తెలియలేదు. ఆ రోజు నువ్వు నవ్వావు, అక్క నవ్వింది. నేను ధ్యాస లేదన్నాను. అది ధ్యాస కాదు. రాత్రి ఆ పాత ఉత్తరం మళ్ళీ తీసి చదివాను.

పుండు ఏదైనా ఉంటే సుభాన్‌ను ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళమను. జవాబు శ్యాంసుందర్ చేతికే ఇవ్వు. సాయంత్రం బస్సుకు వస్తాడు. ఉపవాసంలో ఉన్నావు, పరుగులు పెట్టిస్తున్నాను. ఏమీ అనుకోకు.

ప్రమీలమ్మ


నంద్యాల,
6 ఏప్రిల్.

టీచరమ్మకు ఆదాబ్.

మా అమ్మ చెప్తా ఉంటే నేను రాస్తాండా. అమ్మ చెప్పినది చెప్పినట్టే రాస్తాండా టీచర్, తప్పులుంటే దిద్దండి. – తబస్సుమ్.

నీ ఉత్తరం చదివించుకుని తాత కాడికి పోయినా టీచరమ్మా. తాత పేపరు చదువుకుంటా ఉండాడు. “తాతా, కాలు సూపీ” అన్నా. “ఎందుకమ్మా, పెండ్లి సూపులా?” అన్నాడు. “పెండ్లి సూపులకైతే మొగం సూస్తారు, నువ్వు కాలు సూపీ” అన్నా. ఎడమ కాలు చూపించినాడు. అది బాగుంది. కుడికాలు కిందికి లాక్కున్నాడు. టీచరమ్మ చెప్పింది అని పట్టుకుని తిప్పినా.

బొటనవేలు కింద బొబ్బ లేచి పగిలిపోయి ఉంది. రూపాయి బిళ్ళంత. చుట్టూ ఎర్రగా వాచింది. దాంట్లో వేరుశనక్కాయ పొట్టు ముక్క దిగబడి ఉంది. ఎన్ని దినాల నుంచి ఉందో. నేను దాన్ని గోటితో పట్టి లాగినా టీచరమ్మా. తాత అప్పుడు కూడా నాతో సుభాన్ స్కూటర్ బ్రేకు సంగతి మాట్లాడతానే ఉన్నాడు. ఆయప్పకు తెలీనే లేదు. నాకు ఏడుపొచ్చింది. “ఏందమ్మా ఏమైంది?” అని నన్నే అడిగినాడు. పొట్టు ముక్క చేతిలో పెట్టి చూపించినాక కాలు తనే నా ముందరికి చాపినాడు.

మా ఆయన అంగడి మూసి ఆటోలో తీసుకుపోయినాడు. ఇప్పుడే వచ్చినారు. కట్టు కట్టినారు. సూది మందు వేసినారు. మిగతాది తాతే నీకు రాస్తానన్నాడు. రాయకుంటే నేను మళ్ళా రాయిస్తా.

నువ్వు భయపడాకు. మూడు పూటలా నేను చూస్తా.

నీ మున్నీ


నంద్యాల,
7 ఏప్రిల్, ఆదివారం.

ప్రమీలా,

ముందుగా డాక్టరు చెప్పింది రాస్తా. నువ్వు అదే వెతుకుతావు. పుండు ఎముక దాకా పోలేదు. కాలు ఉంటాది. వేలు కూడా ఉండొచ్చు, వారం చూసి చెప్తానన్నాడు. ఆ కాలు మీద ఆరు వారాలు బరువు పెట్టకూడదు. ఇక మీదట ఇంట్లోగానీ బయటగానీ వట్టికాళ్ళతో అడుగు వేయకూడదు. సుగరుకు నరాలు మొద్దుబారినాయంట. పోయినది మళ్ళీ రాదంట, ఉన్నది కాపాడుకోవాలంట.

ఇప్పుడు నేను చెప్పాల్సింది.

పోయిన దసరాకు మొదలైంది. పొద్దున గడ్డి మీద అడుగు పెడితే మంచు జిల్లుమనాల గదా. వేళ్ళకు తగల్లా. ఈ ఏడు మంచు తక్కువేమో అనుకున్నా. కార్తీకంలో పాదం పక్కలు పోయినాయి. నేను రోజూ నడిచింది సుగరు కోసం కాదు. చల్లదనం ఎంతదాకా తెలుస్తాందో చూసుకునేదానికి. కాలవ మీద ఉన్నప్పుడు పొద్దున లేస్తానే గేజీ రాయి కాడికి పోయి నీళ్ళు ఎంత ఉండాయో చూసేవాడిని. ఆ గడ్డి నాకు గేజీ రాయి. లాన్ పీకిన దినం పొద్దున కుడికాలు మడమ ఒక్కటే మిగిలింది. దాంతో చివరిసారి తడి చూసినా.

ఆ తర్వాత బండల మీద ఏమీ తెలియలా. గేజీ పోయింది కాబట్టి తెలియడం లేదా, కాలు పోయింది కాబట్టి తెలియడం లేదా అని విడదీసి చూసుకునే దారి లేకపాయె. బండలు చల్లగా ఉండాయని నీకు అబద్ధం రాయలా. నా కాళ్ళకు అవి చల్లగానే ఉండినాయి.

నీకు ముందే చెప్పి ఉండొచ్చు. చెప్తే ఆ దినమే బయల్దేరి వచ్చేస్తావు, అక్కను చూసేవాళ్ళు ఉండరు. ఇది ఒక కారణం. రెండోది, చెప్తే నిజమైపోతాది అనిపించింది.

సుభాన్ నిన్న రాత్రి నుంచి నా కాడనే పడుకుంటాండాడు. “తాతా, నీ చెప్పుల్లో నేను సన్న దూది పరిచి కుట్టిస్తా, నేల నీకు తగిలితే అడుగు” అంటాడు.

ఇంకొకటి. తబస్సుమ్ నిన్న సాయంత్రం గోడ కాడ నిలబడి ఒక మాటనింది. వాళ్ళింట్లో ఐదుగురు రోజుకు ఐదుసార్లు వజూ చేసుకుంటారు. ఆ నీళ్ళంతా సీదా మోరీలోకి పోతాండాయి. “దాంట్లో సబ్బు ఉండదు తాతా. గోడకు ఒక చిల్లు పెట్టి పైపు వేస్తే మీవైపుకు వస్తాయి. మా వైపు నేల ఎత్తు, మీ వైపు పల్లం” అనింది. మసీదులో అడిగితే తప్పేమీ లేదన్నారంట. నీకు చెప్తాండా, అంతే.

ఉగాది పచ్చడి మున్నీ చేస్తానంటాంది, నువ్వు కొలతలు రాసిస్తే.

లక్ష్మీనారాయణ


ఆళ్ళగడ్డ,
10 ఏప్రిల్, బుధవారం.

మీకు,

ఉత్తరం ఈ రోజు మధ్యాహ్నం అందింది. నిన్నటి పండగ అయిపోయింది కనుక పచ్చడి కొలతలు రాయడం లేదు. తబస్సుమ్ ఉత్తరంలో రెండే తప్పులున్నాయి. ఆ పిల్లకు చెప్పండి.

నేను ఆదివారం వస్తున్నాను. శ్యాంసుందర్ ఆఫీసుకు సెలవు పెట్టాడు. సున్నిపెంటలో టీచరుగా ఉన్న అతని భార్య, బడికి సెలవులిచ్చిన రోజే వస్తానంది. అక్క నా సంచి తనే సర్దుతోంది, వాకరుకు ఆనుకుని, ఒంటి చేత్తో. వద్దంటే, “ఆయప్ప కాలు సంగతి నువ్వు చూసుకో, నా తుంటి సంగతి నేను చూసుకుంటా” అంది. ఇది రాస్తున్నప్పుడు కూడా చీరలు తప్పుగానే మడత పెడుతోంది.

నీళ్ళ లెక్క వేశాను. బండల లెక్క వేశాను. పొట్టు ఎన్ని బస్తాలు కావాలో కూడా లెక్క వేశాను. ఆ నేల మీద ఎవరు, ఎందుకు నడుస్తున్నారో అడగలేదు. మీరు రెండడుగుల వెడల్పు అడిగారు. ఎందుకని ఒక్క ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది. బడిలో ఏ పిల్లవాడు ఏది అడిగినా మొదట ఎందుకని అడిగేదాన్ని.

లాన్ తీయడం తప్పు కాదు. గోడవతల కొళాయిలో నీళ్ళు పడుతున్నాయి, అది సరైన లెక్కే. దానిలో మార్పు లేదు. కొరియన్ గడ్డి మళ్ళీ రాదు. కానీ ఇక్కడ అక్క పెరట్లో, అంట్లు కడిగే చోటుకు దూరంగా, గరిక ఉంది. ఎవరూ నీళ్ళు పోయరు. ఈ ఎండలో కూడా మొదట్లో పచ్చగా ఉంది. పొద్దున దాని మీద నిలబడి చూశాను. చల్లగానే ఉంది. గోనెసంచిలో వేళ్ళతో సహా తెస్తున్నాను. సంచి తడిపి, శ్యాంసుందర్ బస్సు పైన పెట్టిస్తాడు.

చెప్తే నిజమైపోతుందని రాశారు. చెప్పకపోయినా అయింది.

ఈ ఉత్తరం శ్యాంసుందర్ రేపు పొద్దున తెచ్చి ఇస్తాడు. చేయవలసినవి కింద రాశాను. వరస మార్చకండి.

ప్రమీల

1. నేను వచ్చేదాకా కుడికాలు కుర్చీ మీదే ఉండాలి. బాత్‌రూముకు సుభాన్ భుజం పట్టుకుని వెళ్ళాలి. అతను అంగడికి పోయినప్పుడు మున్నీని పిలవాలి. మొహమాటపడి ఒంటికాలి మీద గెంతకూడదు.

2. ఇది మీకు అందే రోజే వాళ్ళ పండగ. మున్నీ షీర్ ఖుర్మా పంపుతుంది. వద్దంటే ఆమె నొచ్చుకుంటుంది, తాగితే నేను ఊరుకోను. ఒక్క చెంచా. తబస్సుమ్ పక్కన నిలబడి చూస్తుంది.

3. చెప్పులు ఆసుపత్రిలో రాసిచ్చినవే కొనాలి. సుభాన్ దూది పరుపులకు ఉంచుకోమనండి. నేను మెచ్చుకున్నానని కూడా చెప్పండి.

4. హేమలతకు ఈ రోజే ఉన్నదున్నట్టు రాశాను. ఆ పిల్ల ఫోను చేస్తే ‘ఏం లేదమ్మా’ అనకూడదు.

5. గేటు నుంచి మెట్టు దాకా, రెండడుగుల వెడల్పున, బండలు లేపించాలి. మనుషుల్ని సుభాన్ పిలుస్తాడు. మీరు కుర్చీలో కూర్చుని చెప్పవచ్చు. లేవకూడదు.

6. వజూ నీళ్ళ పైపు సంగతి మున్నీని, సుభాన్‌ను అడగండి. పిల్ల మాట మీద మాత్రమే గోడకు చిల్లు పెట్టకూడదు. వాళ్ళు సరేనంటే వాలు మీరే చూసి గుర్తులు పెట్టించండి. అది మీ ఉద్యోగం.

7. మిగిలిన కలబందకు చుక్క కూడా పోయకండి. ఏ మొక్కకూ వంతు లేదు.

8. కాలు మాని, గరిక వేళ్ళు పట్టాక, పొద్దున ఇద్దరం దాని మీద నడుస్తాం. మీరు చెప్పులు వేసుకోవాలి. నేను వట్టికాళ్ళతో మీ పక్కన ఉంటాను. మోటారు గాలి పీకితే మీరు నాకు చెప్పండి. మంచు పడిందో లేదో నేను మీకు చెబుతాను.